పన్నెండో పేరు

డిసెంబరు టోర్నమెంటుకి మా బాస్కెట్‌బాల్ టీము లిస్టులో పదకొండు పేర్లు పది నిమిషాల్లో రాసేశాం. పన్నెండో పేరు దగ్గర రెండు గంటలు కూర్చున్నాం, మూడుసార్లు టీ తెప్పించుకున్నాం, మధ్యలో గొంతులు కూడా లేచాయి, చివరికి ఏదీ తేలకుండానే ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం. నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

మా టీము కమిటీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. నలుగురం. పీఈటీగా చేసి రిటైరైన మాస్టారు, జెర్సీలకి డబ్బులిచ్చే చీరల షాపు షావుకారు గారు, మొబైల్ రిపేరు కొట్టు నడిపే మా ఒడియా మిత్రుడు, బీమా పాలసీలు అమ్ముకునే నేను. ఒడిశాలోని మా బరంపురంలో బరువులెత్తడమంటే జనానికి గౌరవం, 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చిన రవికుమార్ మా ఊరివాడే. బాస్కెట్‌బాల్ అంటే మాత్రం "అదేటి, పొడుగోళ్ళ ఆట కదా, మనకెందుకు" అంటారు. అలాంటి ఊళ్ళో పదిహేడేళ్ళ వయసుకే ఆరడుగుల నాలుగంగుళాలున్న కుర్రాడు తనంతట తనే గ్రౌండుకొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

వాడి పేరు రాయను. టీములో అందరూ పొడుగు అంటారు, ఇక్కడా అదే. ఇప్పుడు పంతొమ్మిది. వాళ్ళది మగ్గం ఇల్లు, తండ్రి పట్టు చీరలు నేస్తాడు, మగ్గం గదిలోకి వెళ్ళాలంటే వీడు ప్రతిసారీ తల వంచాలి, వంచడం మర్చిపోయిన గుర్తులు నుదుటి మీద రెండున్నాయి. ఆట సంగతికొస్తే, రీబౌండు, అంటే బుట్టలో పడకుండా ఎగిరొచ్చిన బంతి, పట్టుకుని ఇంకా నేలకి దిగకముందే ముందు ఎవడు పరిగెడుతున్నాడో చూసేసి ఉంటాడు. అది నేను నేర్పింది కాదు, మాస్టారు నేర్పిందీ కాదు. ముప్ఫై ఏళ్ళలో అలాంటివాణ్ణి చూడలేదని మాస్టారే అన్నారు. ఆయన మామూలుగా ఎవర్నీ మెచ్చుకోరు.

ఇక రెండో వైపు. రెండేళ్ళలో మేం ఆడింది 34 మ్యాచ్‌లు, వాడు ఆడింది 15. నా డైరీలో లెక్కుంది. కుడి చీలమండ మూడుసార్లు, వేలు ఒకసారి, ఈ జనవరిలో ఎడమ మోకాలు. మా ఒడియా మిత్రుడు ఆ డైరీ తిరగేసి, మూసేసి, "రొఖిబా నా ఛాడిబా, భాయి?" అన్నాడు. ఉంచుకుందామా, వదిలేద్దామా. అంతే ప్రశ్న.

సీజన్ రోజుల్లో మాకు ఎన్‌బీఏ, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగు, పొద్దున్నే మొదలవుతుంది. టిఫిన్ బండి దగ్గర ఉప్మా మీద ఘుగుని, అదే బఠాణీల కూర, పోయించుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చూస్తాం. ఎన్నాళ్ళుగానో మా మధ్య నలిగే పేరు జాయన్ విలియమ్‌సన్. 2019లో, జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, మొదటి ఎంపికగా న్యూ ఓర్లీన్స్ జట్టు తీసుకుంది. మొదటి ఆరు సీజన్లలో వరసగా 24, 61, సున్నా, 29, 70, 30. అంటే జట్టు 472 మ్యాచ్‌లాడితే వీడు 214. ఆడిన రోజున ఎవడూ ఆపలేడు, ఆడని రోజున జీతం ఆగదు. షావుకారు గారికి ఈ లెక్క చూపించినప్పుడల్లా "నా షాపులో సేల్స్‌మేన్ ఇలా వస్తే నేనేం చేస్తానో తెలుసా" అంటారు. తెలుసు. కానీ సేల్స్‌మేన్ ఇంకొకడు దొరుకుతాడు కదా షావుకారు గారూ.

కర్రీ పేరు చెప్పి తప్పించుకోవద్దు

ఈ వాదన ఎక్కడ మొదలైనా ఉంచుకోమనేవాళ్ళు ముందు తీసే పేరు గోల్డెన్ స్టేట్ జట్టు స్టెఫెన్ కర్రీ. నేనూ తీశాను. 2011-12లో సీజనే 66 మ్యాచ్‌లకి కుదించితే అందులో 26 ఆడాడు. కుడి చీలమండకి ఏడాది తిరక్కుండా రెండు ఆపరేషన్లు. 2012 మార్చిలో గోల్డెన్ స్టేట్ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న మోంటా ఎల్లిస్‌ని పంపేసి, అప్పటికే దెబ్బ తగిలి కూర్చున్న ఆండ్రూ బోగట్‌ని తెచ్చుకుని, టీముని కర్రీ చేతిలో పెట్టారు. కొన్నాళ్ళకే ఒక సన్మాన సభలో ఓనరు మైకు పట్టుకుంటే సొంత ప్రేక్షకులే మాట్లాడనివ్వకుండా గోల చేశారు. ఆ అక్టోబరులో కర్రీతో నాలుగేళ్ళకి 44 మిలియన్ డాలర్లకి ఒప్పందం రాసుకున్నారు. చీలమండ మీద అనుమానం ఉంది కాబట్టే ఆ ధర. తర్వాతి సంగతి మీకు తెలిసిందే. వరసగా రెండుసార్లు ఎంవీపీ, అంటే సీజన్లో అత్యుత్తమ ఆటగాడు, అయినవాడు 2016-17లో తన జట్టులోనే జీతంలో నాలుగోవాడు, కెవిన్ డురాంట్ లాంటి పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోగలిగిన కారణాల్లో అదొకటి.

బాగుంది. కానీ లాటరీ తగిలినవాడి ఫోటోనే పేపర్లో వేస్తారు. పోర్ట్‌లాండ్ వాళ్ళనడగండి. 2007లో డురాంట్‌ని కాదని గ్రెగ్ ఓడెన్‌ని మొదటి ఎంపికగా తీసుకున్నారు. ఒక్క మ్యాచ్ ఆడకముందే మోకాలికి మైక్రోఫ్రాక్చర్ ఆపరేషన్. ఎముకకి సన్న రంధ్రాలు పొడిచి, ఊరిన రక్తంలోంచి మృదులాస్థి లాంటిదేదో పెరుగుతుందని ఎదురుచూడ్డం. దాదాపు ఐదేళ్ళు ఉంచుకున్నారు, 82 మ్యాచ్‌లాడాడు, అంటే సరిగ్గా ఒక సీజన్. 2012 మార్చిలో వదిలేశారు. ఉంచుకోవడమే మంచిదని వాదించే నాలాంటివాడు ఓడెన్ పేరు కూడా చెప్పాలి, చెప్పకపోతే అది వాదన కాదు, పాలసీ అమ్మడం.

మరి కర్రీకీ ఓడెన్‌కీ తేడా ముందే తెలుస్తుందా? పూర్తిగా తెలియదు, కొంత తెలుస్తుంది. ఏది విరుగుతోందో చూడాలి. కర్రీది చీలమండ, లిగమెంట్ల (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీల) సమస్య. ట్రైనింగ్ వాళ్ళు చీలమండతో కుస్తీ పట్టకుండా తుంటికి బలం పెంచారు, దూకినా తిరిగినా బరువంతా కింద పడకుండా పైన ఆగేలా. అలా చుట్టుపక్కల కండరాలతో కాపాడుకోగల చోటు అది. చైనా ఆటగాడు యావో మింగ్ పాదం అలా కాదు. పాదంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది, దానికి రక్తం సరిగ్గా అందదు, అందుకని అతుక్కోవడం ఆలస్యం, అతుక్కున్నా మళ్ళీ చీలుతుంది. ఏడడుగుల ఆరంగుళాల మనిషి ప్రతి రాత్రీ దాని మీద దిగితే? 2011లో, ముప్ఫై ఏళ్ళకే మానేశాడు. అదే ఎముకతో జోయెల్ ఎంబీడ్ మొదటి రెండు సీజన్లూ అసలు ఆడలేదు, మూడో ఏడు 31 మ్యాచ్‌లు, అయినా ఫిలడెల్ఫియా 2017లో ఐదేళ్ళకి 148 మిలియన్లు రాసిచ్చింది, పాత గాయాలు తిరగబెడితే టీముకి నష్టం తగ్గేలా షరతులు పెట్టుకుని. 2023లో ఎంవీపీ అయ్యాడు. 2024-25లో మళ్ళీ 19 మ్యాచ్‌లు. కాబట్టి ఎముక పేరు చదివి జాతకం చెప్పెయ్యలేం, కానీ చదవకుండా నిర్ణయం తీసుకునేవాడు మూర్ఖుడు.

బీమా మనిషిని కాబట్టి ఇక్కడ ఒక మాట. ముందునుంచి ఉన్న జబ్బున్నవాడికి పాలసీ ఇవ్వం అని మేం అనం, ఆ జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమంటాం, ప్రీమియం పెంచుతాం, షరతు రాసుకుంటాం. ఎన్‌బీఏలో పెద్ద కాంట్రాక్టులకి బీమా ఉంటుంది, పాత గాయాన్ని మినహాయించడం అక్కడా ఉంది. ఫిలడెల్ఫియా చేసిందీ అదే. ఆరోగ్యంగా ఉన్నవాడి ధర పెట్టి దెబ్బలవాణ్ణి కొనడం తప్పుగానీ దెబ్బలవాణ్ణి కొనడం తప్పు కాదు. ఇంత తెలిసిన నేను, ఊరందరికీ పాలసీలు అంటగట్టినవాణ్ణి, నా టీములో పన్నెండుమందికి ఒక్క ప్రమాద బీమా చేయించలేదు. జనవరి తర్వాత చేయించాను. అందులో పొడుగు ఎడమ మోకాలికి మినహాయింపు.

ఐదు నిమిషాలు

జనవరి సంగతి రాయకుండా ఈ వ్యాసం ముందుకి సాగదు.

ఛత్రపురంలో టోర్నమెంటు. సిమెంటు కోర్టు. మావైపు కోర్టులన్నీ అవే, బీటలు పడ్డచోట మళ్ళీ సిమెంటు పూస్తారు, ఆ పూసిన చోటు మిగతాదానికంటే అరంగుళం ఎత్తుంటుంది. చెక్క నేల మీద ఆడేవాళ్ళ మోకాళ్ళ గురించే ఇన్ని రాస్తున్నాం, మా పిల్లలు దూకేది దేనిమీదో ఎవడికీ పట్టదు. సరే. సెమీఫైనల్లో పొడుగు ఆ అరంగుళం మీదే కాలు వేశాడు, కుడి చీలమండ లోపలికి తిరిగింది. ఐసు ఎక్కడా లేదు. గేటు బయట చేపలమ్మే ఆమె దగ్గర థర్మోకోల్ డబ్బాలోంచి ఐసు అడిగి తెచ్చాం. ఆమె డబ్బులు తీసుకోలేదు. "నా కొడుకూ ఇలాగే ఆడతాడు, క్రికెట్టు" అంది. రాత్రంతా వాడి కాలు చేపల వాసన. పక్కన పడుకున్నవాళ్ళు ముక్కు మూసుకుని నవ్వుతున్నారు, వాడూ నవ్వాడు.

పొద్దున ఫైనల్. తెల్ల ప్లాస్టరు పట్టీ చుట్టి బెంచి మీద కూర్చోబెట్టాం, ఆడించకూడదనే అనుకున్నాం, మాస్టారు గట్టిగా అన్నారు, నేనూ అన్నాను. ఆఖరి క్వార్టర్లో నాలుగు నిమిషాలుండగా మూడు పాయింట్లు వెనకబడ్డాం. షావుకారు గారు షాపు మూసుకుని వచ్చి కూర్చున్నారు. నేను వాడివైపు తిరిగాను.

"ఐదు నిమిషాలు ఆడగలవా?"

"ఆడతాను సార్, ఇప్పుడు బాగానే ఉంది."

నాలుగే నిమిషాలు మిగిలినప్పుడు ఐదు అని ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. వాడు వెళ్ళాడు, రెండు రీబౌండ్లు పట్టాడు, ఒక బుట్ట వేశాడు. మూడో రీబౌండుకి ఎగిరి, కుడికాలు నొప్పి కాబట్టి దాని మీద బరువు వెయ్యకుండా ఎడమకాలి మీద దిగాడు. ఎవడూ తగల్లేదు. చప్పుడు బెంచి దాకా వినిపించింది, ఎండిన పుల్ల విరిచినట్టు. వాడు అరవలేదు. కూర్చుండిపోయి, ఊడిన బూటు కోసం చేత్తో వెతుక్కున్నాడు, బూటు వాడి కాలికే ఉంది.

ఒక్క పాయింటుతో గెలిచాం. కప్పు షావుకారు గారి షాపులో, అద్దాల బీరువాలో, పట్టు చీర కట్టిన బొమ్మ పక్కనుంది. మోకాల్లో లిగమెంటు తెగిందని విశాఖలో తేలింది. ఫిబ్రవరిలో అక్కడే ఆపరేషను. మేం సగం పోగు చేశాం, మిగతా సగానికి వాళ్ళమ్మ మెడలోది తాకట్టుకెళ్ళింది.

అప్పట్నుంచి ఎవరు ఈ ప్రశ్న అడిగినా నాకు ఇంకో ప్రశ్న వినిపిస్తుంది. వాడు తరచూ దెబ్బలు తగిలించుకునేవాడా, లేక మేం తరచూ తగలనిచ్చేవాళ్ళమా? డైరీలో మూడు చీలమండల్లో రెండోది మొదటిది జరిగిన పన్నెండో రోజుకి. మూడోది రెండోదాని తర్వాత మూడు వారాలకి. ఒకసారి బెణికిన కాలు సరిగ్గా మానకముందే దింపితే మళ్ళీ బెణుకుతుందని తెలియనిది ఎవరికి? వాళ్ళ నాయనమ్మ వావిలాకు కాపడం పెడుతూ మొదటిసారే చెప్పింది, "నెల్లాళ్ళు కదపొద్దు నాయినా" అని. మేం వినలేదు, ఆదివారం మ్యాచ్ ఉంది కదా.

పోర్ట్‌లాండ్‌లోనే బ్రాండన్ రాయ్ అని ఇంకొకడుండేవాడు. 2010 ఏప్రిల్లో మోకాలికి ఆపరేషనైన ఎనిమిది రోజులకి ప్లేఆఫ్ మ్యాచ్‌లో, అంటే సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే మ్యాచ్‌లో, దిగాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, టీము గెలిచింది. మరుసటేడు డలాస్ మీద 23 పాయింట్లు వెనకబడ్డ మ్యాచ్‌ని ఆఖరి క్వార్టర్లో 18 పాయింట్లేసి గెలిపించాడు. ఆ డిసెంబరులో, ఇరవై ఏడేళ్ళకి, రిటైర్మెంట్ చెప్పాడు. మోకాళ్ళలో అరగడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఎనిమిది రోజుల వల్లే పోయిందని నేననడం లేదు, కాలేజీ నుంచే మోకాళ్ళు బాలేవు. కానీ ఎనిమిది రోజులకి దింపిన టీము "దెబ్బల మనిషి" అని వాడి మీదే ముద్ర వేస్తే ఎలా?

అందుకని నా మాట ఇది. ఉంచుకోవాలి. కానీ ఆడించాలా వద్దా అనేది ముందురోజు తేలిపోవాలి, స్కోరు బోర్డు చూశాక ఎవడూ నోరెత్తకూడదు, నాతో సహా. అది చేతకాని టీము వాణ్ణి వదిలెయ్యడమే మేలు.

మాస్టారు ఒప్పుకోలేదు

ఇదంతా మీటింగులో చెప్పాను, ఇంత బాగా చెప్పలేదనుకోండి. మాస్టారు సాంతం విని, "ఫైనల్లో ఆడించకపోతే ఇంక ఉంచుకోవడం ఎందుకు బావూ?" అన్నారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇప్పటికీ పూర్తిగా తట్టలేదు.

ఎందుకంటే 2025 జూన్‌లో ఇండియానా జట్టు టైరీస్ హాలిబర్టన్ ఉన్నాడు. ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో పిక్క కండరం పట్టేసింది. ఇండియానాకి అప్పటిదాకా ఎన్‌బీఏ టైటిలే లేదు, అలాంటిది సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వచ్చింది. ఆడాడు. మొదటి క్వార్టర్లోనే మూడు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు) వేశాడు, ఆ తర్వాత నేలమీద పడి అరచేత్తో కోర్టుని కొడుతూ ఉండిపోయాడు. కుడికాలి మడమ వెనకుండే ఎకిలీస్ స్నాయువు తెగింది. మేం టిఫిన్ బండి దగ్గరే ఉన్నాం, మా ఒడియా మిత్రుడు ప్లేటు కింద పెట్టేశాడు. నేను మాత్రం మనసులో, "చూశారా, నేను చెప్పలేదా" అనుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ అనుకున్నాను. తీరా ఒకట్రెండు రోజులకి హాలిబర్టన్ తనే రాశాడు, పశ్చాత్తాపం లేదని, మళ్ళీ అవకాశమొచ్చినా ఆడతానని. దానికి నేనేం చెప్పాలి? కాలు అతనిది. ఇరవై అయిదేళ్ళవాడు, పక్కన డాక్టర్లున్నారు, రాసుకున్న కాంట్రాక్టు ఉంది. పంతొమ్మిదేళ్ళ మగ్గం ఇంటి కుర్రాడికి అవేవీ లేవు, నేనున్నాను, నేను అడిగితే కాదనలేడు. ఈ తేడా చాలా పెద్దదని నేనంటాను. మాస్టారు, ఆట ఆటే అంటారు.

మాస్టారి రెండో మాట ఇంకా బలమైంది. దాచి దాచి ఆడిస్తే కుర్రాడు భయస్థుడవుతాడు, కిందకి చూసి దూకుతాడు, అలా దూకేవాడికే దెబ్బ తగులుతుంది. ఇది నిజమేనేమో. పోయిన నెల ప్రాక్టీసులో పొడుగు దిగేముందు నేల చూడ్డం నేనూ గమనించాను. వాడు ఇదివరకు నేల చూసేవాడు కాదు.

జాగ్రత్తపడ్డా కాపాడుకోలేకపోవచ్చు కూడా. జాయన్‌నే తీసుకోండి. 2023-24లో ఎప్పుడూ లేనన్ని మ్యాచ్‌లు, 70, ఆడాడు. తర్వాత ఏప్రిల్లో లేకర్స్ మీద 40 పాయింట్లు వేసి, స్కోరు సమం చేసి, ఇంకా మూడు నిమిషాలుందనగా తొడ వెనక కండరం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ లేదు. దీనికి ఎవణ్ణి తప్పుపట్టను?

అయినా నావైపు ఒకటుంది. ఓక్లహామా సిటీ వాళ్ళు 2022లో రెండో ఎంపికగా చెట్ హోమ్‌గ్రెన్‌ని తీసుకున్నారు. ఏడడుగులు, ఊదితే ఎగిరిపోయేటట్టుంటాడు. ఆ ఆగస్టులోనే సియాటిల్‌లో ఒక వేసవి మ్యాచ్‌లో పాదానికి పెద్ద దెబ్బ తగిలింది. సీజన్ మొత్తం కూర్చోబెట్టారు, ఆఖర్లో నాలుగు మ్యాచ్‌లకైనా దింపుదామనే ఆత్రం లేదు. మరుసటేడు 82కి 82 ఆడాడు. ఆ పై ఏడు నవంబరులో తుంటి ఎముక విరిగింది, మళ్ళీ మూడు నెలలు ఆగారు, 2025 జూన్‌లో హాలిబర్టన్ పడిపోయిన ఆ మ్యాచ్‌లోనే గెలిచి కప్పెత్తారు. వాళ్ళకి మొదటి ఏడు గెలవాల్సిన అవసరం లేదు కాబట్టి ఆగగలిగారు అంటారా? అవును. ప్రతి ఆదివారం గెలవాలనుకునే టీముకి ఇలాంటి కుర్రాడు నిలవడు. మాకు ప్రతి ఆదివారం గెలవాల్సిన అవసరం ఏముంది? షావుకారు గారి బీరువాలో ఇంకో కప్పుకి చోటు కూడా లేదు.

షావుకారు గారు ఉంచుకోమనే అన్నారు, కారణం మాత్రం వేరు. "మనం మేపితే పక్క టీమోడు పాలు పిండుకుంటాడు" అని. నవ్వాం గానీ గ్రాంట్ హిల్ సంగతి అచ్చం అదే. ఓర్లాండోలో చీలమండతో మొదటి నాలుగేళ్ళలో 47 మ్యాచ్‌లు. తర్వాత ఫీనిక్స్ వెళ్ళి, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, 2008-09లో 82 మ్యాచ్‌లూ ఆడాడు.

పదమూడో కుర్రాడు

ఇంతసేపూ రాయకుండా దాటేస్తున్నది ఒకటుంది. పన్నెండో చోటు పొడుగుకిస్తే పదమూడో కుర్రాడు ఇంట్లో ఉంటాడు.

వాడు పదిహేడేళ్ళవాడు, అయిదడుగుల ఎనిమిది. రెండేళ్ళుగా ఒక్క రోజు ప్రాక్టీసు మానలేదు. అందరికంటే ముందొచ్చి కోర్టు ఊడుస్తాడు, ఎవడూ చెప్పలేదు, ఇసుక మీద కాళ్ళు జారతాయని వాడికే అనిపించింది. ఆట మామూలు. ఎడమచేత్తో లేఅప్, అంటే బుట్ట దగ్గరికి పరిగెత్తి బంతి వెయ్యడం, ఇప్పటికీ రాదు. కానీ వాడి మోకాలు తెగదు, వాడు 34 మ్యాచ్‌లకీ వస్తాడు. ఎన్‌బీఏలో పదిహేను మంది, జీతాల పరిమితి, డ్రాఫ్టు అంటూ ఎంత మాట్లాడుకున్నా, చివరికి దెబ్బలు తగిలే ప్రతిభావంతుణ్ణి ఉంచుకోవడానికయ్యే ఖర్చు ఇలాంటివాడే కడతాడు, అదెవరి లెక్కలోనూ ఉండదు. షావుకారు గారి డబ్బులు నష్టపోతే ఆయన ఇంకో చీర అమ్ముకుంటారు. వీడికి పదిహేడో ఏడు మళ్ళీ రాదు.

ఈ ఒక్కచోట నా వాదన గట్టిగా నిలబడదు, ఒప్పుకుంటున్నాను. ప్రతిభ ఎక్కువ కాబట్టి పొడుగుకే ఇవ్వాలి అంటే, ఆడని ప్రతిభకి విలువెంత అని మా ఒడియా మిత్రుడు అడిగాడు. ఇద్దర్నీ తూచే తక్కెడ నా దగ్గర లేదు. నాకున్నది ఒకటే, అది ఆటకి సంబంధించింది కూడా కాదు. ఈ మోకాలు మా టీము కోసం తెగింది, నా మాట మీద తెగింది. గెలిచిన కప్పు ఉంచుకుని తెగిన మోకాలిని వదిలేస్తే నాకు బాగోదు. ఇది న్యాయమా, నా తప్పు కడుక్కోవడమా అంటే, రెండోదే ఎక్కువనుకుంటా. పదమూడోవాడికి అన్యాయమే. ఆ సంగతి నేనే వెళ్ళి చెప్పాలి, మాస్టారిచేత చెప్పించకూడదు.

డిసెంబరు టోర్నమెంటుకి వాడి ఆపరేషనై పది నెలలు. తొమ్మిది నెలల్లోపు దిగితే మళ్ళీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని విశాఖలో ఫిజియో చెప్పాడు, తొమ్మిది దాటినంతమాత్రాన క్యాలెండరు చూసి దింపెయ్యొద్దని కూడా చెప్పాడు. ఒంటికాలి మీద ఎంత దూరం దూకగలడో రెండు కాళ్ళకీ విడివిడిగా కొలవాలి, తేడా పదిశాతం మించకూడదు. మొన్న మేం కొలిచాం, చీరల షాపు టేపుతో. ఎడమకాలి దూకుడు ఇంకా కొంచెం తక్కువుంది.

నిన్న సాయంత్రం వాళ్ళింటికెళ్ళాను. తండ్రి మగ్గం మీదున్నాడు. పొడుగు అదే గదిలో గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడి ఉన్నాడు. ఫోన్లో టైమరు పెట్టుకోడట, నాన్న మగ్గం చప్పుడు అరవైసార్లు వినిపించేదాకా అలా ఉంటాడట. లిస్టు శుక్రవారం ఇవ్వాలని, పేరు రాద్దామనుకుంటున్నానని చెప్పాను. టోర్నమెంటులో రెండే మ్యాచ్‌లు, అదీ ముందురోజు కొలిచి చూశాక, ఫైనల్ అయినా సరే అంతే అన్నాను.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆడతావా అని నన్ను మాత్రం అడక్కండి సార్. మీరడిగితే నేను సరే అంటాను" అన్నాడు.

తండ్రి మా మాటలు వినడానికి మగ్గం ఆపేశాడు. గదిలో చప్పుడు లేదు. వాడు గోడకి అలాగే ఆని ఉన్నాడు, ఎడమ తొడ సన్నగా వణుకుతోంది.

"నాన్నా, నువ్వు నెయ్యి, నలభై ఏడే అయింది" అన్నాడు.